ఆమెకు 41, ఆయనకు 72

ఓపెన్ టెన్త్ ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం ఇద్దరు మా ఇంటికి వచ్చారు. ఆమె జూట్ మిల్లులో స్పిన్నింగ్ సెక్షన్లో పనిచేస్తుంది, నలభై మూడేళ్లు. ఆయన ఒక ఆఫీసులో అటెండరు, ఆమెకన్నా నాలుగైదేళ్లు పెద్ద. ఇద్దరూ పాసయ్యారు. ఆయన అరకిలో మైసూర్‌పాక్ తెచ్చాడు. ఆమె నెట్ సెంటర్లో ప్రింటు తీయించిన మార్కుల కాగితం తెచ్చింది. లెక్కల్లో ఆమెకు 41, ఆయనకు 72.

ఆయన ఉన్నంతసేపూ ఆమె పెద్దగా మాట్లాడలేదు. ఆయన బండి స్టార్ట్ చేసి సందు తిరిగాక, స్వీటు ముక్క ప్లేట్లో అలాగే వదిలేసి అడిగింది.

"మాస్టారూ, నా నలపై ఒకటీ, ఆ బాబు డెబ్బై రెండూ. కాగితం చూసినోళ్లకి ఎవులు సదివినట్టు?"

నేను నీళ్లు నమిలాను. ఎందుకంటే ఆ పరీక్ష రోజు ఏం జరిగిందో నాకు తెలుసు. నేను అదే కేంద్రంలో ఇంకో గదిలో ఇన్విజిలేటర్‌ని. లెక్కల పరీక్ష మొదలైన అరగంటకు మంచినీళ్ల కుర్రాడు వచ్చాడు. నీళ్ల క్యానుతో పాటు గైడు పేజీల జిరాక్సులు కూడా వచ్చాయి, అగ్గిపెట్టంత మడతలు పెట్టి. పక్క గది మాస్టారు గుమ్మంలోకి వచ్చి మెల్లగా అన్నారు, "పాపం, పొద్దంతా కాయకష్టం చేసుకునేవాళ్లు. ఈ వయసులో ఏం చదువుతారు, రాసుకోనీండి." నేను ఏమీ అనలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. బయట వేపచెట్టు కింద ఒక మేక పడుకుని ఉంది. దాన్ని చాలాసేపు చూశాను.

తెలుగులో పాపం అన్న మాటకు రెండు అర్థాలు. ఆ రోజు ఆ గదిలో రెండూ జరిగాయి.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను, విజయనగరం పక్కనే. కొన్నేళ్లుగా ఆదివారాల్లో ఓపెన్ స్కూల్ వాళ్లకు కాంటాక్ట్ క్లాసులు కూడా తీసుకుంటున్నాను. తెలియని వాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. దేశం మొత్తానికి నేషనల్ ఓపెన్ స్కూల్ 1989లో వచ్చింది, మన రాష్ట్రంలో సార్వత్రిక పాఠశాల 1991లో. 14 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా టెన్త్‌కు కట్టొచ్చు, పై వయసుకు హద్దు లేదు. ఐదు సబ్జెక్టులు, ఒక్కోదాంట్లో 35 వస్తే పాసు. తప్పిన సబ్జెక్టు ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు. కాగితం మీద ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు. నేను దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ ఇందులో పరీక్ష ఉంది, పుస్తకం ఉంది, ఫీజు రసీదు ఉంది. బడి ఒక్కటే లేదు. బడి అని మేం చూపించేది ఆదివారం క్లాసు. ఆదివారం అంటే, కూలికి వెళ్లేవాళ్లకు బట్టలుతుక్కునే రోజు, చుట్టాలింట్లో చావుకో పెళ్లికో వెళ్లే రోజు, ఓవర్‌టైం ఉంటే అదీ లేదు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి సిరిమాను. ఆ ముందొక ఆదివారం, ఆ వెనకొక ఆదివారం క్లాసులో నేనూ బల్లలూ.

అయినా ఆమె వచ్చేది. ఏ షిఫ్టు చేసి వచ్చినా కనుబొమల మీద గోగునార నుసి ఉండేది. నోటుబుక్కు తెరిస్తే పేజీల మధ్య నుంచి సన్నటి పీచు రాలేది. ఐదో తరగతిలో బడి మానేసిన మనిషి. మిల్లు లాకౌట్‌లో ఉన్న రోజుల్లో తాపీ మేస్త్రీ వెంట ఇసుక మోసింది, మిల్లు తెరిస్తే మళ్లీ మిల్లుకు. మా జిల్లాలో జూట్ మిల్లు కుటుంబాలకు ఈ రెండు బతుకులూ అలవాటే. ఎప్పుడు గేటు మూస్తారో ఎప్పుడు తెరుస్తారో గేటుకు అంటించిన కాగితం చెప్పాలి.

బీజగణితం మొదలుపెట్టిన రోజు సంగతి చెప్పాలి. ఎక్స్ అని బోర్డు మీద రాయగానే క్లాసు మొత్తం కళ్లు దించుకుంది. పిల్లల పుస్తకంలో ఉండే పెన్సిళ్లు, మామిడిపండ్ల లెక్కలు వదిలేసి ఇలా చెప్పాను: ఇల్లు కట్టించే ఆయన మేస్త్రీకి రోజుకు 9,000 ఇచ్చాడు. మేస్త్రీ పన్నెండు మందికి తలా 600 ఇచ్చాడు. మేస్త్రీకి మిగిలింది ఎక్స్.

నేను సుద్దముక్క దించేలోపే ఆమె "పద్దెనిమిది వందలు" అంది. కాగితం ముట్టుకోలేదు. "దీనికి ఎక్సు దేనికి మాస్టారూ, పద్దెనిమిది వందలని రాసేస్తే పోనాది కదా."

"సరే, ఇంటాయన ఎంతిచ్చాడో మీకెవరూ చెప్పలేదనుకోండి. అప్పుడు?"

కాసేపు ఆలోచించింది. "అయితే ఎక్సంటే మేస్త్రీ మనకి సెప్పని లెక్క. అంతే కదేటి?"

ఇరవై రెండేళ్ల సర్వీసులో చలరాశికి ఇంత మంచి నిర్వచనం నేను చెప్పలేదు. క్లాసు గొల్లుమంది. ఆ తర్వాత ఏడాది పొడుగునా అందరూ ఎక్స్ విలువ ఎంత అనరు, "మేస్త్రీ ఎంత?" అంటారు. వీళ్లకు లెక్కలు రావని ఎవరన్నారు? లెక్క వచ్చు. లెక్క రాసే పద్ధతి రాదు. ఆ పద్ధతి నేర్పడానికి వారానికి ఒక పూట చాలదు, అంతకుమించి ఏమీ లేదు. ఆమె 41 అలా వచ్చిన 41. ప్రతి లెక్కకూ నాలుగు మెట్లు రాసి, నాలుగో మెట్టు దగ్గర టైమ్ అయిపోయి ఆగిన 41.

విజయనగరాన్ని విద్యల నగరం అంటాం. మహారాజా కాలేజీ 1879 నుంచి ఉంది, సంగీత కళాశాల ఉంది, గురజాడ ఇల్లుంది, చెప్పుకోవడానికి తక్కువేం లేదు. 2011 జనాభా లెక్కల్లో అదే విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.89 శాతం. విభజన తర్వాత మిగిలిన పదమూడు జిల్లాల్లో అందరికన్నా అడుగు. అప్పటికి పార్వతీపురం వైపు మన్యం కూడా మన జిల్లాలోనే ఉంది కాబట్టి కొండ ఊళ్ల మీదకు నెట్టేయడం సుళువు. కానీ మిల్లు కాలనీలో, రైల్వే గేటు అవతల, కూరగాయల మార్కెట్లో ఉన్నవాళ్లు కొండ దిగి రాలేదు కదా. శ్రీకాకుళం దాదాపు 62 దగ్గర ఉంది. ఆడవాళ్లను విడిగా లెక్కేస్తే విజయనగరంలో ఆ రోజుకు సగం మందికి కూడా చదువు లేదు. అప్పుడు ముప్పైల్లో ఉన్న ఆ ఆడవాళ్లే ఇప్పుడు నా ఆదివారం క్లాసులో ఉన్నారు.

ఈ వయసులో టెన్త్ దేనికి అని అందరూ అడుగుతారు. అడిగేవాళ్లు ఒక జవాబు మనసులో పెట్టుకునే అడుగుతారు: ఉద్యోగం రాదు కదా, మరెందుకు. నా క్లాసులో కోరికలు అంత గాలిలో ఉండవు. చాలా కొలిచి పెట్టుకున్న కోరికలు.

ఉద్దానం వైపు నుంచి వచ్చిన ఒక వెల్డర్ కుర్రాడు ఉండేవాడు. పెన్ను కూడా వెల్డింగ్ రాడ్డు పట్టినట్టే పట్టేవాడు, కాగితం వెనకవైపు అక్షరాలు ఉబ్బి కనపడేవి. ఎనిమిదిలో మానేశాడు. మొదటి రోజే చెప్పేశాడు, "నాకు సదువుతో పనిలేదు మాస్టారూ, పాస్‌పోర్టులో ఈసీఆర్ పోతే చాలు." సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు ఈ మూడక్షరాలు తెలియని ఇల్లుండదు. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మీద అది పడుతుంది. 1983 నాటి వలస చట్టం కింద సౌదీ, కువైట్, ఖతర్, మలేషియా లాంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే అలాంటివాళ్లు ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. చదువుకోనివాళ్లు మోసపోకూడదని పెట్టిన కట్టడి అది. ఊళ్లలో జరిగేది వేరు. అనుమతి చుట్టూ తిరగడం ఎందుకని ఏజెంటు విజిట్ వీసా మీద పంపిస్తాడు. అక్కడ దిగాక జీతం ఎగ్గొట్టినా అడిగే కాగితం చేతిలో ఉండదు. అంటే ఆ కుర్రాడికి టెన్త్ అంటే ఏజెంటును ఒక మెట్టు కిందకి దించడం. నెలకు ఇంత జీతం అని కాంట్రాక్టు మీద సంతకం పెట్టి వెళ్లడం. ఇది చిన్న కోరికా?

ఇక్కడ ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, నన్ను నేనూ అడుగుతుంటాను. వెల్డర్‌కు అశోకుడి శాసనాలు ఎందుకు? పనికి సంబంధం లేని సర్టిఫికెట్ అడ్డం పెట్టడమే తప్పయితే, ఆ అడ్డం తీసేయాలి గానీ జనాన్ని పరీక్షలకు తోలడం ఏమిటి? నిజమే. డ్రైవర్ల విషయంలో అదే చేశారు. లారీలు, బస్సులు నడిపే లైసెన్సుకు ఎనిమిదో తరగతి ఉండాలన్న నిబంధనను కేంద్రం 2019లో ఎత్తేసింది. మంచి పని. స్టీరింగ్ పట్టడం వచ్చా లేదా చూడాలి గానీ ఎనిమిది చదివాడా అని కాదు. ఇలాంటి అడ్డాలు ఇంకా చాలా తీసేయాలని నేనే సంతకం పెడతాను. కానీ అన్నీ తీసేసినా మా మిల్లు ఆమె క్లాసుకు వస్తుంది. ఆమెకు అడ్డం సర్టిఫికెట్ కాదు.

లాకౌట్ ఎత్తేసినప్పుడల్లా గేటు దగ్గర ఒప్పందం చదివి వినిపిస్తారట. స్టూలు మీద ఒకరు నిలబడతారు, కింద వందల మంది. ఆమె మాటల్లోనే: "సదివినోడు మద్దెలో ఒక లైను మింగేసినా మనకేటి తెలుస్తాది?" గేటుకు అంటించిన కాగితం దగ్గర ఎవరి సాయం లేకుండా నిలబడి, బకాయిలు ఎన్ని విడతల్లో ఇస్తారో, ఉత్పాదకత అంటే ఏం పెంచమంటున్నారో తనంతట తాను చదవాలి. ఆమె కోరిక అదీ. అక్షరాలు కూడబలుక్కోవడం ఆమెకు ఎప్పుడో వచ్చు. కూడబలుక్కుంటే ఆ కాగితం అర్థం కాదు. ఆ భాష వేరు. సోషల్ పుస్తకంలో ద్రవ్యోల్బణం అన్న మాట దగ్గర పావుగంట ఆగిపోయింది. రేట్లు పెరగడమమ్మా అంటే, "అలా రాస్తే ఆళ్ల సొమ్మేటి పోతాది" అంది. మన శ్రీముఖలింగం దగ్గర పుట్టిన గిడుగు రామమూర్తి, సవరల కోసం వాళ్ల భాష నేర్చుకుని సొంత డబ్బుతో బడులు పెట్టిన మనిషి, వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడాడు. గెలిచాడని ఏటా ఆగస్టు 29న దండలు వేస్తాం. గేటు కాగితం దాకా ఆ గెలుపు రాలేదు.

ఇప్పుడు మళ్లీ ఆ జిరాక్సు మడతల దగ్గరకు వస్తాను. నా మీద కోపం వచ్చేవాళ్లుంటారని తెలుసు. నెలనెలా జీతం పడే మాస్టారు, కూలివాళ్లు చిట్టీ పెట్టుకుంటే నీతులు చెప్తున్నాడని. నేను చిట్టీ పెట్టుకున్నవాణ్ని అనడం లేదు. వాణ్ని అక్కడిదాకా తెచ్చి, ఏడాదంతా ఏమీ నేర్పకుండా, ఆఖరి రోజున జాలిపడే మమ్మల్ని అంటున్నాను. నేర్పడానికి ఖర్చవుతుంది, ఓపిక కావాలి. జాలికి ఏదీ అక్కర్లేదు, కిటికీ వైపు తిరిగితే చాలు. ఆ జాలి వల్ల మిల్లు ఆమె 41 పలచబడిపోయింది. ఓపెన్ టెన్త్ అని చెప్పగానే ఎదుటివాడి మూతి మీద ఒక నవ్వు వస్తుంది చూడండి, ఆ నవ్వుకు మేమే కారణం. వెల్డర్ కుర్రాడు మూడు సబ్జెక్టులు ఒకసారి, రెండు ఇంకోసారి రాసి నిజంగా పాసయ్యాడు. వాడికీ ఆ నవ్వే.

మరేం చేయాలి? నా దగ్గర పెద్ద పథకం లేదు. మా మండలంలో హైస్కూళ్లన్నీ సాయంత్రం పిల్లలు వెళ్లాక తాళాలే. నాడు-నేడు పనుల్లో ట్యూబ్‌లైట్లు వచ్చాయి, ఫ్యాన్లు వచ్చాయి, మరుగుదొడ్లు బాగుపడ్డాయి, గోడకు డిజిటల్ ప్యానెల్ వచ్చింది. అవన్నీ ఆరు నుంచి ఎనిమిది దాకా చీకట్లో ఉంటాయి. రెండు గంటలు ఒక గది తెరిచి, ఒక లెక్కల మనిషి, ఒక తెలుగు మనిషి ఉంటే చాలు. ఏ షిఫ్టు వాళ్లు ఆ వారం ఖాళీగా ఉంటే వాళ్లు వస్తారు. ఆదివారం ఒకేసారి ఆరు గంటలు కూర్చోబెడితే నిద్రపోయే మనిషి, రోజూ గంటన్నర అయితే నిలబడతాడు. ఇది నేను చూసి చెప్తున్న మాట.

జపాన్‌లో ఈ పని ఎప్పుడో చేశారు. యుద్ధం అయ్యాక, 1940ల చివర్లోనే, సాయంత్రం హైస్కూళ్లను మామూలు బడి వ్యవస్థలోనే కలిపేశారు. పగలు ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రకారు సాయంత్రం బడికి వచ్చి, మూడేళ్ల చదువును నాలుగేళ్లలో పూర్తిచేసుకునేవాళ్లు. అందులో నాకు బాగా నచ్చింది చదువు సంగతి కాదు, తిండి సంగతి. 1956లో రాత్రి తరగతులుండే హైస్కూళ్లలో భోజనం పెట్టడానికి విడిగా ఒక చట్టమే చేశారు. పని దిగి నేరుగా వచ్చిన మనిషికి ముందు ఆకలేస్తుందన్న ఇంగితం అది. మన బడుల్లో మధ్యాహ్న భోజనం 2003 నుంచి ఉంది కదా, వంటగది ఉంది, గిన్నెలున్నాయి. సాయంత్రం గుగ్గిళ్లు ఉడకబెట్టలేమా? మా క్లాసులో ఒకసారి ఒకావిడ సీసాలో చోడి అంబలి తెచ్చుకుంది. మూత తీయగానే చుట్టూ నలుగురు అటే చూశారు. ఆ రోజు త్రికోణమితి ఎవరికీ ఎక్కలేదు.

పెద్దవాళ్లు సాయంత్రాలు ఒకచోట కూర్చుని చదివితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో అక్షరాస్యత పాఠాలు చదువుకున్న ఆడవాళ్లే సారా కొట్టు మూయించారు, అది రాష్ట్రమంతా పాకింది. ఒక్కొక్కరికీ పుస్తకం ఇచ్చి ఇంటికి పంపితే అది జరిగేది కాదు. ఇలాంటివి గుర్తుండే సాయంత్రం గదులకు తాళాలు వేస్తారేమో అని మా ఇంట్లో ఆవిడ అంటుంది. నాకైతే అంత కుట్ర కనిపించలేదు, కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్న పీకులాట తప్ప.

ఫలితాలు వచ్చిన ఆర్నెల్లకు, రాత్రి ఎనిమిది దాటాక, అటెండరు మా పెరటి గుమ్మం తట్టాడు. వీధి గుమ్మం వదిలి అటు ఎందుకు వచ్చాడో అర్థం కావడానికి కాసేపు పట్టింది. ప్రమోషన్ వచ్చింది, రికార్డు సెక్షన్లో వేశారు. వచ్చిన ఉత్తరం సారాంశం ఒక లైనులో రిజిస్టర్లో ఎక్కించాలి. అది రాక, కుర్ర జూనియర్ అసిస్టెంటును బతిమాలుకుంటున్నాడు. ఆ కుర్రాడు ఒకరోజు అందరి ముందూ అనేశాడట, "టెన్త్‌లో డెబ్బై రెండు కదా బాబాయ్, రాయలేవా?" అని.

"మాస్టారూ, పాసయ్యాను గానీ సదువు రాలేదు" అన్నాడు. తల వంచుకుని కాదు, మామూలుగానే, కడుపులో నొప్పి ఎక్కడుందో డాక్టరుకు చెప్పినట్టు.

ఆయన్ని రోజూ రమ్మన్నాను. మిల్లు ఆమె అప్పటికే వస్తోంది, ఓపెన్ ఇంటర్‌కు కట్టింది. ఇంకో ఇద్దరు చేరారు. మా వరండాలో ఒక ట్యూబ్‌లైట్, ఒక చాప, దోమల బత్తి. మొదటి రోజు ఆమె ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయన "విజ్ఞప్తి"ని "విగ్నప్తి" అని రాస్తే పక్క నుంచి చూసి, "అది కాదు బాబూ" అని కలం తీసుకుని దిద్దింది.

పోయిన నెల ఉత్తరం రాయడం పాఠం వచ్చింది. పుస్తకంలో ఉన్న విహారయాత్ర ఉత్తరం పక్కనపెట్టి, సాయంత్రం రెండు గంటలు హైస్కూల్లో ఒక గది ఇవ్వమని పై ఆఫీసుకు అర్జీ రాయమన్నాను. నలుగురూ రాశారు. ఆమెది బాగుంది. ఎంత మంది, ఏ ఏ షిఫ్టులు, ఎన్ని గంటలకు వస్తాం, తాళం ఎవరి బాధ్యత, అన్నీ వరసగా పెట్టింది. కరెంటు బిల్లు నెలకు తలా ఎంత వేసుకుంటే సరిపోతుందో కూడా లెక్కకట్టి రాసింది. దాన్నే తెల్లకాగితం మీద ఎత్తి రాయించి అందరితో సంతకాలు పెట్టించాను.

ఇచ్చి వచ్చేద్దాం అంటే అటెండరు ఆపాడు. ఊరికే ఇస్తే ఆ కాగితం ఎక్కడికి పోతుందో తనకు తెలుసన్నాడు. పాతికేళ్లు చూశాను, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోకుండా గుమ్మం దాటొద్దన్నాడు. తానే ఒక పూట సెలవు పెట్టి ఆమెతో వెళ్లాడు, రిజిస్టర్లో ఎక్కించేదాకా బల్ల ముందు నిలబడ్డాడు. ఆ నంబరు, తేదీ ఆమె తన నోటుబుక్కు వెనక అట్ట మీద రాసుకుంది. ఇప్పటికి ఐదు వారాలు.